పొడుగు ఫ్లైట్‌లో ఆడియో స్లీప్ మాస్క్ – నిజంగా నిద్ర పడుతుందా?

కునికిపాట్లు:
అందరికీ నమస్తే. త్వరలో పద్నాలుగు గంటల ఫ్లైట్ ఉంది, ఎకానమీ, మధ్య సీటే దక్కేలా ఉంది. కూర్చుని నిద్రపోవడం అనే కళ నాకు రాలేదు, మహా అయితే మాగన్నుగా ఒక కునుకు, అంతలోనే ఎవరో మోచెయ్యి తగిలిస్తారు. ఈమధ్య ఎక్కడ చూసినా ఈ ఆడియో స్లీప్ మాస్కులే కనిపిస్తున్నాయి. కళ్ళకి కట్టుకునే మాస్క్‌లోనే చెవుల దగ్గర పల్చటి స్పీకర్లు పెట్టి కుట్టేశారు, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది, చెవిలో ఏదీ గుచ్చుకోదు అంటున్నారు. నా డౌట్లు ఏంటంటే ఇంజిన్ హోరు ఏమన్నా తగ్గుతుందా, తల వెనక్కి ఆనిస్తే పట్టీ నొక్కుతుందా, బ్యాటరీ అంతసేపు వస్తుందా. నా దగ్గర నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కూడా లేవు, రెండిట్లో ఒకటే కొంటాను, ఏది కొనమంటారు? వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్, కంపెనీవాళ్ళ వీడియోలు చాలా చూసేశా.

రెక్కపక్క_సీటు:
హోరు తగ్గదండి. అది ముందే తెలుసుకుని కొంటే హ్యాపీగా ఉంటారు, తెలియక కొంటే తిట్టుకుంటారు. చెవి మీద ఉండేది ఒక పొర గుడ్డ, దాని వెనక బిళ్ళంత స్పీకర్, అంతే. చెవి రంధ్రాన్ని మూసేది ఏమీ లేదు కాబట్టి ఇంజిన్ సౌండ్ మొత్తం లోపలికి వస్తుంది. కానీ వెలుతురు ఆపడంలోనూ, తల పక్కకి వాల్చి పడుకోవడంలోనూ దీనికి సాటి లేదు, నేను ఇప్పటికీ అదే వాడతా.

సణుగుడు_సంఘం:
బొమ్మ అది. డబ్బులు దాచుకుని మంచి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ కొనుక్కోండి, కళ్ళకి ఫ్లైట్‌లో వాళ్ళిచ్చే గుడ్డ ముక్క కట్టుకోండి. డిస్కషన్ ఓవర్.

విండోసీట్_వీరుడు:
@సణుగుడు_సంఘం బ్రో ఆ పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని కిటికీకి తల ఆనించి చూశావా ఎప్పుడైనా? ఒక కప్పు చెవిని నలిపేస్తుంది, రెండోది జారిపోతుంది, సీల్ ఊడగానే క్యాన్సిలేషన్ సగం పోతుంది, కొన్నిటికైతే కీచుమని సౌండ్ కూడా వస్తది. కుర్చీలో శిలావిగ్రహంలా నిటారుగా కూర్చుని నిద్రపోయేవాళ్ళకి అది సూపర్, ఒప్పుకుంటా. నాలా ఏదో ఒక పక్కకి ఒరిగితే తప్ప కన్ను మూతపడనివాళ్ళ సంగతేంటి?

సణుగుడు_సంఘం:
@విండోసీట్_వీరుడు అయితే చెవిలో పెట్టుకునే చిన్నవి కొను, వాటిల్లోనూ క్యాన్సిలేషన్ ఉంది కదా.

విండోసీట్_వీరుడు:
అవి పక్కకి పడుకుంటే లోపలికి గుచ్చుకుంటాయి, మెలకువొచ్చేసరికి ఒకటి సీటు సందులో పడి ఉంటుంది. సీటు సందులో ఏదన్నా పడితే వంగి వెతకొద్దు, సీటు కదిలించొద్దు, సిబ్బందిని పిలవండి అని వాళ్ళే చెప్తారు, లిథియం బ్యాటరీ నలిగితే మంట అంటుకుంటుందని. అర్ధరాత్రి అంత సీన్ అవసరమా.

తీగల_తాత:
కాస్త టెక్నికల్‌గా చెప్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

జెట్ విమానం పైకెళ్ళి నిలకడగా ఎగురుతున్నప్పుడు లోపల సౌండ్ సుమారుగా 75 నుంచి 85 డెసిబెల్స్ మధ్య ఉంటుంది, సీటుని బట్టి విమానాన్ని బట్టి మారుతుంది. అందులో ఎక్కువ భాగం లో ఫ్రీక్వెన్సీ, అంటే ఆ ఆగకుండా వచ్చే బొంయ్ మనే హోరు. ఇంజిన్ ఒక్కటే కాదు, విమానం ఒంటికి రాసుకుంటూ పోయే గాలి వాటా కూడా చాలా ఉంటుంది. నాయిస్ క్యాన్సిలేషన్ అంటే మైకు బయటి సౌండ్‌ని విని దానికి సరిగ్గా తిరగేసిన తరంగం స్పీకర్లో వేయడం, రెండూ కలిసి కొట్టుకుపోతాయి. నిలకడగా ఉండే లో సౌండ్‌కి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పిల్లల ఏడుపుకి, మాటలకి అంతగా పనిచేయదు. పైగా ఇదంతా చెవి చుట్టూ గట్టి సీల్ ఉంటేనే. మాస్క్‌లో ఆ సీల్ లేదు, చాలా మోడల్స్‌లో ఆ సర్క్యూట్టే లేదు. "నాయిస్ రిడక్షన్" అని పెట్టె మీద రాసి ఉంటే అది గుడ్డ మందం గురించి అనుకోండి.

చిన్న పిట్టకథ: బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి ఈ క్యాన్సిలేషన్ ఆలోచన వచ్చింది కూడా విమానంలోనే, 1978లో జూరిచ్ నుంచి బోస్టన్ వెళ్తుంటే వాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజిన్ హోరుకి ఏమీ వినపడక, అక్కడే కూర్చుని లెక్కలు వేయడం మొదలుపెట్టాడంటారు. పైలట్ల కోసం అమ్మకానికి హెడ్‌సెట్ రావడానికి 1989 దాకా పట్టింది. అంటే మన గోల కొత్తదేం కాదు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడంటే, మాస్క్ పెట్టుకున్నవాళ్ళు హోరు మీదుగా పాట వినపడాలని వాల్యూమ్ పెంచుతారు. చుట్టూ 80 ఉంటే పాట 85, 90 కి పోతుంది, అలాగే నిద్రపోతారు, గంటలు గంటలు చెవిలో మోగుతూనే ఉంటుంది.

చెవి_డాక్టర్:
తాత గారు చెప్పిన చివరి మాట చాలా ముఖ్యం. పెద్దవాళ్ళకి డబ్ల్యూహెచ్ఓ చెప్పే లెక్క వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు, 90 అయితే 4 గంటలు మాత్రమే. అమెరికాలో కార్మికుల కోసం నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగం అయిపోతుంది. నిద్రలో ఉన్న మనిషి "ఎక్కువైంది, తగ్గిద్దాం" అనుకోలేడు కదా. కాబట్టి నేలమీద నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఏ వాల్యూమ్ హాయిగా ఉందో చూసుకుని దానికంటే కొంచెం మాత్రమే పైకి వెళ్ళండి. హోరుని సౌండ్‌తో గెలవాలని చూడొద్దు, హోరుని ముందు తగ్గించండి. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని వాటి మీద మాస్క్ వేసుకోండి.

కునికిపాట్లు:
@చెవి_డాక్టర్ అదేంటండి, చెవులు మూసేసుకుంటే ఇక మాస్క్‌లో పాట ఏం వినపడుతుంది?

తీగల_తాత:
వినపడుతుంది అమ్మా, అదే ఇందులో కిటుకు. ప్లగ్ అనేది బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ తగ్గిస్తుంది, హోరునీ తగ్గిస్తుంది, మాస్క్ స్పీకర్ సౌండ్‌నీ తగ్గిస్తుంది. రెండిటి మధ్య తేడా దాదాపు అలాగే ఉంటుంది, కాకపోతే కర్ణభేరి దగ్గరికి చేరే మొత్తం సౌండ్ బాగా పడిపోతుంది. అంటే హోరు 80 లోంచి 55, 60 కి దిగితే దాని మీద పాట చిన్నగా వేసుకున్నా సరిపోతుంది. ఫోమ్ ప్లగ్ పెట్టె మీద ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో 30 పైన ఏదో రేటింగ్ ఉంటుంది, ల్యాబ్‌లో పద్ధతిగా పెడితే వచ్చేది అది, మనం హడావుడిగా తోసుకుంటే అంత రాదు. ప్లగ్‌ని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి లాగి పట్టుకుని, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అలాగే పట్టుకోవాలి. చాలామంది ఈ చెవి లాగడం దగ్గరే వదిలేస్తారు.

ఒక నష్టం ఏంటంటే ఫోమ్ సన్నటి సౌండ్‌ని ఎక్కువ మింగుతుంది, లావు సౌండ్‌ని తక్కువ మింగుతుంది. అందుకే ప్లగ్ మీదుగా పాటలు మూగగా వినపడతాయి. మాటలు వినేవాళ్ళు కాస్త గంభీరమైన గొంతున్న మనిషిని ఎంచుకోండి, లేదా ఫోన్ ఈక్వలైజర్‌లో ట్రెబుల్ పెంచుకోండి.

మేఘమాల:
తాత గారూ బోన్ కండక్షన్ మాస్కులు కూడా వచ్చాయట కదా, ఎముక ద్వారా వినపడేవి, అవి ప్లగ్స్‌తో ఎలా ఉంటాయి?

తీగల_తాత:
సూత్రప్రకారం బాగుండాలి. చెవి మూసినప్పుడు ఎముక ద్వారా వచ్చే లావు సౌండ్ ఇంకా గట్టిగా వినపడుతుంది. నమ్మకపోతే రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని మ్మ్ అని కూనిరాగం తీయండి. కానీ ఆ బిళ్ళ ఎముకకి గట్టిగా ఆనాలి, మాస్క్ వదులుగా ఉంటే లాభం లేదు, బిగుతుగా కడితే తలనొప్పి. నిద్రకి బిగుతు పనికిరాదు కాబట్టి నేనైతే మామూలు స్పీకర్లదే కొంటా.

పిల్లతో_ప్రయాణం:
మీరంతా ఇంజిన్ ఇంజిన్ అంటున్నారు, నాకు ఇంజిన్ సమస్యే కాదు అసలు, అది జోకొట్టినట్టే ఉంటుంది. నన్ను లేపేది మాటలు. వెనక సీట్లో ఇద్దరు కలిసి జీవితం మొత్తం చెప్పుకుంటారు, వంటగది దగ్గర ట్రేలు టపాటపా, ఎక్కడో ఒక బిడ్డ ఏడుపు (ఒక్కోసారి ఆ బిడ్డ నాదే, అది వేరే విషయం). దీనికి ఏం వినాలి?

మేఘమాల:
@పిల్లతో_ప్రయాణం అక్కా నేను ఈ విషయంలో పీహెచ్‌డీ చేసినంత పని చేశా :) అందరూ బ్రౌన్ నాయిస్ (ఆగకుండా వచ్చే లావు హోరు) పెట్టుకోమంటారు కానీ విమానం మోగేదే దాదాపు ఆ రకం సౌండ్, దాని మీద ఇంకో బ్రౌన్ నాయిస్ వేస్తే ఏం మారుతుంది? మాటలు మనకి అర్థమయ్యేది మధ్య, పై ఫ్రీక్వెన్సీల్లో, ముఖ్యంగా అక్షరాలు విడివిడిగా తెలిసేది అక్కడే, కాబట్టి కప్పాల్సింది కూడా అక్కడే. వైట్ నాయిస్ అయితే మరీ బుస్సుమని చెవిలో గుచ్చినట్టు ఉంటుంది. పింక్ నాయిస్ మధ్యరకం, ఒక్కో ఆక్టేవ్‌కి (అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 3 డెసిబెల్స్ చొప్పున తగ్గుతూ పోతుంది, బ్రౌన్ 6 చొప్పున. ఎడతెరిపి లేని వాన సౌండ్ కూడా ఇంచుమించు పింక్ పనే చేస్తుంది, ఉరుములు లేనిది చూస్కోండి, ఉరుము వచ్చిందంటే గుండె జారిపోద్ది. మాటలు పూర్తిగా వినపడకుండా పోవక్కర్లేదు, ఏం మాట్లాడుతున్నారో అర్థం కాకపోతే చాలు, బుర్ర దాని వెంట పడటం మానేస్తుంది.

విండోసీట్_వీరుడు:
నాకైతే ఇంతకుముందే విన్న ఆడియోబుక్. కొత్తది పెడితే తర్వాతేమైంది అని మేలుకుని కూర్చుంటా, పాతదైతే ఎక్కడ నిద్రపోయినా నష్టం లేదు. స్లీప్ టైమర్ ముప్ఫై నిమిషాలు. ఎక్కేముందే డౌన్‌లోడ్ చేసుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒకసారి ప్లే అయి చూస్కోండి, డౌన్‌లోడ్ అయినట్టు టిక్ చూపించి గాల్లోకెళ్ళాక లాగిన్ అడిగే యాప్స్ ఉన్నాయి.

రెక్కపక్క_సీటు:
ఎయిర్‌ప్లేన్ మోడ్ అంటే గుర్తొచ్చింది, కొత్తవాళ్ళకి ఒక మాట. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేశాక బ్లూటూత్ మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు, మామూలుగా ఏ ఎయిర్‌లైన్ అయినా ఒప్పుకుంటుంది. 2013 అక్టోబర్‌లో అమెరికాలో విమానాల రూల్స్ చూసే ఎఫ్ఏఏ ఈ చిన్న పరికరాల రూల్స్ సడలించాక మిగతాచోట్ల కూడా మారుతూ వచ్చాయి. అయినా సిబ్బంది ఆపమంటే ఆపాల్సిందే, అక్కడ వాదన పెట్టుకోకండి.

ఇంకోటి, ఎవరూ చెప్పని దరిద్రం. కొన్ని మాస్కుల్లో బ్యాటరీ తగ్గగానే ఒక ఆవిడ గొంతు గట్టిగా "బ్యాటరీ లో" అని అరుస్తుంది, అదీ మనం పెట్టుకున్న వాల్యూమ్‌తో సంబంధం లేకుండా. ఆరిపోయేదాకా అరుస్తూనే ఉంటుంది. నిద్ర కోసం చేసిన వస్తువులో అలారం పెట్టిన మహానుభావుడికి దండం. కొన్నాక ఇంట్లో ఒకసారి బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి ఏం చేస్తుందో వినండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి.

సణుగుడు_సంఘం:
హహహ ఇదే నేను చెప్పేది, బొమ్మ అని.

కునికిపాట్లు:
ఇంతకీ బ్యాటరీ ఎంతసేపు వస్తుందండి? పవర్ బ్యాంక్ పెట్టి నడపొచ్చా?

తీగల_తాత:
చాలావాటిలో 200 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది, కొత్తగా ఉన్నప్పుడు ఎనిమిది నుంచి పది గంటలు. మీరు పద్నాలుగు గంటలూ నిద్రపోరు కదా, టైమర్ వాడితే బోలెడు మిగులుతుంది. దాని శక్తి లెక్కేస్తే 0.74 వాట్ అవర్, రూల్స్‌లో హద్దు 100 వాట్ అవర్స్ కాబట్టి మాస్క్‌ని ఎవరూ ఏమీ అనరు. హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి.

పవర్ బ్యాంక్ సంగతి మాత్రం మారింది. చెక్ ఇన్ బ్యాగ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు, అది పాత రూలే. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఎగరకముందే మంటల్లో కాలింది, పవర్ బ్యాంక్ వల్లే అయ్యుండొచ్చని దర్యాప్తువాళ్ళు చెప్పారు. ఆ తర్వాత చాలా ఎయిర్‌లైన్స్ గాల్లో వాటి వాడకం ఆపేశాయి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అక్టోబర్ నుంచి. మీ ఎయిర్‌లైన్ సైట్‌లో చూస్కోండి. తలకి కట్టుకున్న వస్తువుకి వైరు పెట్టి ఛార్జ్ చేస్తూ నిద్రపోవడం రూల్ ఉన్నా లేకపోయినా వద్దు.

గాల్లో_ఉద్యోగం:
నేను క్యాబిన్ క్రూ, ఈ థ్రెడ్ చూసి నవ్వొస్తోంది, మమ్మల్ని ఒక్కమాట అడిగితే సగం చెప్పేవాళ్ళం కదా.

ఒకటి, బెల్టు దుప్పటి మీద పెట్టుకోండి, కింద కాదు. సీట్‌బెల్ట్ లైటు వెలిగితే మేము ప్రతి ఒక్కరిదీ చూడాలి, కనపడకపోతే లేపక తప్పదు. మాస్క్ పెట్టుకుని పాట వింటున్నవాళ్ళని పిలిస్తే వినపడదు, భుజం తట్టాలి, వాళ్ళు ఉలిక్కిపడి లేచి మమ్మల్ని శత్రువుల్లా చూస్తారు. రెండు, టేకాఫ్‌కి ల్యాండింగ్‌కి మాస్క్ తీసేయండి. ఏదన్నా జరిగితే ఆ టైంలోనే జరిగే అవకాశం ఎక్కువ, అప్పుడు కళ్ళూ చెవులూ రెండూ కట్టేసుకుని ఉంటే ఎలా. సేఫ్టీ చెప్పేటప్పుడు కూడా, మీకు కంఠతా వచ్చినా సరే. మూడు, తినడానికి లేపాలా వద్దా ముందే చెప్పండి, మేము గుర్తుపెట్టుకుంటాం.

సీటు సంగతి: రెక్కకి ముందు వైపు కొంచెం నిశ్శబ్దం, వెనక్కి పోయేకొద్దీ హోరు. వంటగది, టాయిలెట్ దగ్గర సీట్లు అస్సలొద్దు, అక్కడ లైటూ వాసనా మాటలూ అన్నీ ఫ్రీ. క్యాబిన్ మధ్య గోడకి ఎదురుగా ఉండే మొదటి వరసలో కాళ్ళు చాపుకోవచ్చని ఎగబడతారు, పసిపిల్లల ఉయ్యాల తగిలించేది సాధారణంగా ఆ గోడకే అని గుర్తుంచుకోండి.

పిల్లతో_ప్రయాణం:
ఉయ్యాల వరసలో కూర్చునేవాళ్ళ తరఫున అందరికీ ముందస్తు క్షమాపణలు, మాస్క్ కొనుక్కోండి 😄

కొత్తపక్షి:
హాయ్ ఆల్, సీటు ముందు స్క్రీన్‌లో సినిమా సౌండ్ ఈ మాస్క్‌లోకి వస్తుందా?

విండోసీట్_వీరుడు:
కళ్ళకి గంతలు కట్టుకుని సినిమా చూస్తావా తమ్ముడూ?

కొత్తపక్షి:
అబ్బా అన్నా, నుదుటి మీదకి జరుపుకుని చూస్తా, నిద్రొస్తే కిందకి లాగేస్తా. ఐడియా బాలేదా?

రెక్కపక్క_సీటు:
బానే ఉంది నిజానికి. కొత్త విమానాల్లో కొన్నిటిలో స్క్రీన్‌కే బ్లూటూత్ ఉంది, నేరుగా కలుస్తుంది. లేకపోతే 3.5 ఎంఎం రంధ్రంలో పెట్టే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కావాలి. పాత విమానాల్లో రెండు పిన్నుల రంధ్రం ఉంటుంది, దానికి ఇంకో అడాప్టర్. పెదాలు ముందు కదిలి మాట తర్వాత రావడం అలవాటు చేసుకోవాలి, చవక మాస్కుల్లో ఆలస్యం బాగా తెలుస్తుంది.

చెవి_డాక్టర్:
ఇంకొక విషయం చెప్పడం మర్చిపోయేలోపు. దిగేటప్పుడు నిద్రలో ఉండకండి. మేలుకుని ఉన్నప్పుడు మనం తరచూ గుటక వేస్తాం, దాంతో చెవికీ గొంతుకీ మధ్య ఉన్న సన్న గొట్టం తెరుచుకుని లోపలి గాలి ఒత్తిడి సరిపోతుంది. నిద్రలో గుటకలు బాగా తగ్గిపోతాయి. అందుకే నిద్రలో ల్యాండ్ అయినవాళ్ళు చెవులు దిబ్బెడ వేసి, నొప్పితో లేస్తారు. దిగడం మొదలయ్యేది సాధారణంగా నేలని తాకడానికి అరగంట ముందు, కాబట్టి గంట ముందుకి ఫోన్లో అలారం పెట్టుకోండి, అది మాస్క్‌లోనే మోగుతుందో లేదో ముందే చూసుకోండి, కొన్ని ఫోన్లు అలారాన్ని స్పీకర్లో కూడా మోగిస్తాయి, పక్కవాళ్ళు కూడా లేస్తారు. లేచాక గట్టిగా దూర్చిన ఫోమ్ ప్లగ్స్ మెల్లగా తీసేయండి, నీళ్ళు తాగుతూ ఉండండి. బాగా జలుబు చేసి ఉంటే ప్రయాణానికి ముందే మీ డాక్టర్‌ని కలవండి.

కళ్ళ ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్ళు, గ్లాకోమా ఉన్నవాళ్ళు కళ్ళ మీద ఒత్తే మాస్క్ వాడేముందు కంటి డాక్టర్‌ని అడగాలి. కాంటాక్ట్ లెన్స్ తీసేసి పడుకోండి, విమానంలో గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువే ఉంటుంది, లేచేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉంటుంది.

పాత_ప్రయాణికుడు:
నేను నిద్రమాత్ర బ్యాచ్. చిన్నది ఒకటి వేసుకుంటే దిగేదాకా ఉలుకూ పలుకూ ఉండదు, ఈ స్పీకర్లు ప్లగ్గులు ఏ గోలా లేదు.

చెవి_డాక్టర్:
@పాత_ప్రయాణికుడు గారూ, మీ డాక్టర్‌ని అడిగి వేసుకుంటున్నారనుకుంటా. కదలకుండా గంటల తరబడి మడిచిన కాళ్ళతో పడి ఉండటమే అసలు భయం. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో సిరల్లో రక్తం గడ్డకట్టే రిస్క్ సుమారు రెట్టింపు అవుతుందని డబ్ల్యూహెచ్ఓ 2007లో చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది 6,000 మందిలో ఒకరికి, అంటే కంగారు పడక్కర్లేదు, కానీ పట్టించుకోవాలి. మాస్క్‌తో వచ్చేది తేలిక నిద్ర, మనిషి అటూ ఇటూ కదులుతాడు, మెలకువొస్తే లేచి నడుస్తాడు. మాత్ర, దాని మీద మందు (ఆల్కహాల్) కూడా పడితే ఆ కదలిక పోతుంది. ఆ రెండూ కలపడం అసలు వద్దు. మెలకువొచ్చినప్పుడల్లా పాదాలు పైకీ కిందకీ ఆడించండి.

పాత_ప్రయాణికుడు:
సరే సార్, మందు మానేస్తా. మాత్ర గురించి ఆలోచిస్తా 🙏

మేఘమాల:
మాస్క్ ఆకారం గురించి ఎవరూ రాయలేదేంటి. నా లెక్కలో స్పీకర్ కంటే అదే ముఖ్యం. చదునుగా ఉండేవి రెప్పల మీద నొక్కుతాయి, లోపల కళ్ళు తెరిస్తే వెంట్రుకలు రాసుకుంటాయి. గిన్నెల్లా లోపలికి గుంట ఉన్నవి కళ్ళకి తగలవు, లోపల కళ్ళు తెరిచి ఉంచినా చీకటే. ముక్కు పక్కన సందు ఉంటుంది చూడండి, వెలుతురు మొత్తం అక్కడ్నుంచే దూరుతుంది, అక్కడ ఒక గుడ్డ రెక్క కుట్టి ఉన్నది తీసుకోండి. స్పీకర్ లోపల జేబులో అటూ ఇటూ జరిగేలా ఉండాలి, ఎందుకంటే అందరి చెవులూ ఒకే చోట ఉండవు, సరిగ్గా రంధ్రం మీదకి రాకపోతే సౌండ్ సగమే వస్తుంది, మళ్ళీ వాల్యూమ్ పెంచుతాం, మళ్ళీ డాక్టర్ గారు తిడతారు. బటన్లు, బ్యాటరీ నుదుటి మీద ఉండేవి మేలు, పక్కన ఉంటే ఒరిగినప్పుడు పాట మారిపోతుంది. వెనకాల పట్టీ వెల్క్రో అయితే పొడుగు జుట్టువాళ్ళకి నరకం.

సణుగుడు_సంఘం:
ఇన్ని కండిషన్లు చూసుకుని కొనేకంటే నా మాట వినొచ్చుగా.

కునికిపాట్లు:
ప్రయాణం అయిపోయింది, రిపోర్ట్ రాస్తున్నా. @మేఘమాల చెప్పిన గుంటలున్న రకం కొన్నా, ఫోమ్ ప్లగ్స్ వేరే. మధ్య సీటే వచ్చింది, ఆనడానికి కిటికీ లేదు కాబట్టి మెడ దిండుని ముందువైపుకి తిప్పి గడ్డం కింద పెట్టుకున్నా, అది చాలా హెల్ప్ అయింది, తల ముందుకి వాలి మెలకువ రావడం తగ్గింది. తల వెనక్కి ఆనిస్తే పట్టీ బానే ఉంది, దాన్ని సర్దుకునే ప్లాస్టిక్ బకిల్ మాత్రం తగిలింది, పక్కకి లాక్కున్నా.

ప్లగ్స్ మీద వాన సౌండ్, తాత గారు చెప్పినట్టే వినపడింది, వాల్యూమ్ సగం కూడా పెట్టలేదు. మంచం మీద పడుకున్నట్టు గాఢ నిద్ర అయితే రాలేదండి, అబద్ధం ఎందుకు. విడతలు విడతలుగా వచ్చింది. కానీ నిద్ర రాని టైంలో కూడా చీకట్లో ఏదో చిన్నగా వింటూ కూర్చుంటే చిరాకు లేదు, స్క్రీన్ మీద మ్యాప్‌లో ఇంకా ఎన్ని గంటలు అని చూస్కోలేదు, అదే నాకు పెద్ద విషయం. దిగాక ఒళ్ళు హూనం అవలేదు. చెమట మాత్రం పట్టింది, నుదురంతా తడి. హెడ్‌ఫోన్స్ కూడా ట్రై చేయాలని ఉంది, ఈసారి ఎవరిదైనా అప్పు తీసుకుని.

సణుగుడు_సంఘం:
చూశారా, చివరికి హెడ్‌ఫోన్స్ దగ్గరికే వచ్చారు.

రెక్కపక్క_సీటు:
@సణుగుడు_సంఘం రెండూ కలిపి వాడేవాళ్ళు కూడా ఉన్నారు సార్, చెవిలో చిన్న క్యాన్సిలింగ్ బడ్స్, కళ్ళకి స్పీకర్లు లేని గుంటల మాస్క్. నిటారుగా పడుకోగలిగితే అదే బెస్ట్ అని నేనూ ఒప్పుకుంటా. ఒరిగేవాళ్ళకి ప్లగ్స్ ప్లస్ ఆడియో మాస్క్. ఇందులో కొట్టుకోవడానికి ఏముంది.

@కునికిపాట్లు గారూ, ఎప్పుడు పడుకున్నారు, ఎక్కగానేనా?

కునికిపాట్లు:
లేదండి, ఎక్కగానే ఫోన్ టైం దిగే ఊరి టైంకి మార్చేశా, అక్కడ రాత్రి అయ్యాకే మాస్క్ పెట్టా. అక్కడ పగలైనప్పుడు నిద్రొస్తున్నా లైటు వేసుకుని కూర్చున్నా.

చెవి_డాక్టర్:
మంచి పని చేశారు. శరీర గడియారాన్ని ఎక్కువగా తిప్పేది వెలుతురే, అది సగటున రోజుకి ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది, తూర్పు వైపు వెళ్తే ఇంకా బద్ధకిస్తుంది. చీకటి ఎప్పుడు పెట్టుకోవాలో మన చేతిలో ఉండటం మాస్క్‌తో వచ్చే లాభం, పక్కవాళ్ళు కిటికీ ఎత్తినా దించినా సంబంధం ఉండదు.

కొత్తపక్షి:
నేనూ ఆర్డర్ పెట్టేశా. చెమట అన్నారు కదా, దీన్ని ఉతకొచ్చా? షాక్ కొడుతుందా 😅

మేఘమాల:
స్పీకర్లు, వైరు, బ్లూటూత్ డబ్బా మూడూ బయటికి తీయగలిగితేనే ఉతకొచ్చు తమ్ముడూ. తీసేముందు ఫోటో తీసుకో, ఏ వైరు ఏ వైపు పోయిందో మళ్ళీ గుర్తుండదు. చేత్తో గోరువెచ్చటి నీళ్ళలో, మెషీన్ వద్దు, పిండొద్దు, గుంటలు సొట్ట పోతాయి. నీడలో ఆరబెట్టు. పూర్తిగా ఆరేదాకా లోపల ఏమీ పెట్టకు, ఫోమ్ లోపల తడి చాలాసేపు ఉంటుంది, పైకి పొడిగా అనిపించినా ఇంకో పూట ఆగు.

కొత్తపక్షి:
థాంక్స్ అక్కా. నాది డబ్బా బయటికి వచ్చే రకమో కాదో ఇప్పుడు చూస్తా, కాకపోతే ఆర్డర్ క్యాన్సిల్ కొట్టేస్తా.